మన మందుల డబ్బాలోని మహానుభావుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయవలసిందిగా మన కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మొదట తోచిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారిది. నేను వైద్యుడిని కాను. 1972లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, ముప్పై ఆరేళ్లు ఫైళ్లు నడిపి, 2008లో రిటైరైన మామూలు గుమాస్తాను. అయినా ఆయన గురించి నాలుగు మాటలు వ్రాయడానికి నాకొక కారణం ఉన్నది. మా ఇంటావిడకు 2009 నుంచి కీళ్లవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. ఆమె వారానికొకసారి వేసుకొనే మెథోట్రెక్సేట్ బిళ్లకూ, ఆ బిళ్ల వల్ల ఒంటికి కీడు కలగకుండా మరొక రోజు వేసుకొనే ఫోలిక్ యాసిడ్ బిళ్లకూ మూలం వెతుక్కుంటూ పోతే రెండు దారులూ ఒకే ప్రయోగశాలకు చేరుతాయి. ఆ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించినది మన భీమవరంలో పుట్టిన మనిషి. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి ఆయన జీవితం గురించి దొరికినదల్లా శ్రద్ధగా చదువుతూ వచ్చాను. మన సభ్యులలో బి.పి.యో, సుగరో, కీళ్ల నొప్పులో లేని ఇల్లు అరుదు. కావున ఈయన కథ మనందరికీ కావలసినదేనని నా నమ్మకం.

బాల్యము, చదువు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. 2022 నుంచి పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉన్న ఊరే అది. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖ ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగ విరమణ చేయవలసి వచ్చింది. జీతం ఆగిపోయి, ఇంటినిండా పిల్లలున్న సంసారం ఎలా ఉంటుందో మన పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. తల్లి వెంకమ్మగారు గట్టి మనిషి. పదమూడేళ్ల వయసులో ఈ కుర్రవాడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంటి నుంచి పారిపోతే, వెనక్కు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టిన తల్లి ఆమె. కొడుకు చదువు కోసం ఒంటిమీది బంగారం కూడా అమ్మిందని చెబుతారు.

రాజమండ్రిలో చదువు సాగలేదు. ఇంట్లో వరుసగా మరణాలు, మనసు నిలకడ లేని రోజులు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మన మనవలు ఒక పరీక్ష తప్పితే ఇంట్లో అందరం ముఖాలు వేలాడేసుకొంటాం. పిల్లలకు చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ పూర్తిచేశాక సన్యాసం పుచ్చుకొని రామకృష్ణ మఠంలో చేరాలని ఆయన కోరిక. తల్లి ఒప్పుకోలేదు. అటుపైన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు మిత్రులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారనే పెద్దమనిషీ సాయపడ్డారు. 1919లో ఆ సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారినే సుబ్బారావుగారు వివాహమాడారు.

అవి గాంధీగారి పిలుపు మారుమోగుతున్న రోజులు. సుబ్బారావుగారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్లారు. శస్త్రచికిత్స నేర్పే తెల్ల ప్రొఫెసరుకు అది కంటగింపయింది. వ్రాతపరీక్షలు బాగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ దొరకలేదు. పై అధికారి మనసులో ఉన్నది కాగితం మీదికి ఎలా దిగుతుందో సర్వీసులో పనిచేసినవారికి ఎరుకే.

ఇంటిని పీడించిన జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఉద్యోగం రాకపోవడం కాదు, ఒక జబ్బు. ఇంగ్లీషు వైద్యులు దానిని ట్రాపికల్ స్ప్రూ అంటారు. మన వైద్యులు గ్రహణి, సంగ్రహణి అని చెప్పే జబ్బులతో దానికి పోలిక ఉన్నది. పేగులు తిన్న తిండిలోని సారాన్ని పట్టుకోలేవు. నెలల తరబడి విరేచనాలు, నాలుక పూత, రక్తం తగ్గిపోవడం, ఒళ్లు శుష్కించడం. తింటూనే మనిషి ఎండిపోతాడు. ఈ జబ్బు సుబ్బారావుగారి సోదరులు పురుషోత్తంగారినీ, కృష్ణమూర్తిగారినీ ఎనిమిది రోజుల వ్యవధిలో తీసుకుపోయింది. ఒకే ఇంట్లో వారం తిరిగేసరికి రెండు చావులు. వైద్యం చదువుకొన్న కొడుకున్న ఇల్లది. అయినా ఇవ్వడానికి మందు లేదు. ఆనాడు లోకంలో ఎవరి దగ్గరా దానికి సరైన మందు లేదు.

తరువాత అదే జబ్బు సుబ్బారావుగారికీ వచ్చింది. ఆయనను నిలబెట్టినవారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు. లక్ష్మీపతిగారు ఇంగ్లీషు వైద్యం పట్టా పుచ్చుకొని, అటుపైన ఆయుర్వేదం వైపు మళ్లిన పండితులు. వారి భార్య రుక్మిణీ లక్ష్మీపతిగారు స్వాతంత్ర్య సమరయోధురాలు, 1946లో ఏర్పడిన ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ప్రజారోగ్య మంత్రి. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో సుబ్బారావుగారు కోలుకొన్నారు. తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు.

ఇక్కడొక మాట మనవి చేయాలి. తన ప్రాణం నిలిచింది గదా అని సుబ్బారావుగారు తృప్తిపడి ఊరుకోలేదు. తనకు గుణమిచ్చినది ఏమిటి, దానిలోని ఏ పదార్థం పనిచేసింది, ఎంత మోతాదులో పనిచేసింది అన్నది తేల్చాలని ఆయన పట్టుదల. ఆయుర్వేదాన్ని కొత్త శాస్త్రం తూనికతో తూచి చూడాలని తలపెట్టారు. అందుకు ఇక్కడి ప్రయోగశాలలు చాలవనిపించింది. అమెరికా నుంచి వచ్చిన ఒక వైద్యుడితో పరిచయం కలిగి, హార్వర్డులో ఉష్ణదేశపు జబ్బుల చదువు ఉన్నదని తెలిసింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామన్నది. మిగిలిన డబ్బు మామగారు పోగుచేసి ఇచ్చారు. అలా 1920 తరువాతి తొలి సంవత్సరాలలో ఆయన ఓడ ఎక్కి బోస్టను నగరం చేరారు. భార్య ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. తిరిగి వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ ఈ గడ్డ మీద కాలుపెట్టనే లేదు.

బోస్టనులో

మద్రాసు ఎల్.ఎం.ఎస్. అక్కడ డాక్టరుగిరీకి పనికి రాలేదు. పూట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో పోర్టరు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం వంటి పనులు అందులో ఉండేవి. పగలు చదువు. ఉష్ణదేశపు జబ్బుల డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డు మెడికల్ స్కూల్లో ప్రొఫెసర్ సైరస్ ఫిస్క్ వద్ద చేరారు.

అక్కడ ఆయన చేసిన మొదటి గొప్ప పని ఒక లెక్క. కొద్దిపాటి రక్తంలోనో, మూత్రంలోనో భాస్వరం ఎంత ఉన్నదో రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్, సుబ్బారావు ప్రకటించారు. ఇద్దరి పేర్లతోనే ఆ పద్ధతి లోకమంతటా ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు నడిచింది. దాని ఆధారంగానే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్నీ కనుగొన్నారు. అదే సమయానికి జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని కనుగొన్నారు. మన ఒంట్లో ప్రతి కదలికకూ శక్తినిచ్చే నాణెం ఏ.టి.పి. మనం వేలు కదిపినా, ఊపిరి పీల్చినా ఖర్చయ్యేది అదే. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డు వారు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు.

ఆ కాలంలోనే ఆయన రక్తహీనత మీద దృష్టి పెట్టారు. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు పశువుల కాలేయం తినిపిస్తే గుణమిస్తున్నదని 1926లో మైనాట్, మర్ఫీ అనే బోస్టను వైద్యులు చూపారు. రోగులు రోజూ పెద్ద కాలేయం ముక్క మింగవలసి వచ్చేది. కాలేయంలో ఏ పదార్థం ఆ మేలు చేస్తున్నదో బయటకు తీయాలని సుబ్బారావుగారు ఏళ్ల తరబడి శ్రమించారు. స్ప్రూ రోగులలోనూ రక్తం అటువంటి తీరులోనే చెడుతుంది. తన సోదరులను తీసుకుపోయిన జబ్బును ఆయన మరచిపోలేదనడానికి ఆయన ఎంచుకొన్న పనే సాక్ష్యం.

లెడర్లీ ప్రయోగశాలలో

1940లో ఆయన హార్వర్డు వదిలి న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల సంస్థలో చేరారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆ తరువాతి ఎనిమిదేళ్లలో ఆయన చేతి కింద జరిగిన పని చూస్తే మనిషి జన్మకు అంతకంటె ఏం కావాలనిపిస్తుంది.

మొదటిది ఫోలిక్ యాసిడ్. దీని వెనుక మన దేశపు తల్లుల కథ కూడా ఉన్నది. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని నిరుపేద గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో తగ్గించవచ్చునని ప్రకటించారు. ఆ పదార్థమేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో టన్నులకొద్దీ పాలకూర నుంచి చిటికెడు తీశారు. ఆకు అనే అర్థమిచ్చే లాటిను మాట మీద దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. చిటికెడు పదార్థంతో రోగులకు వైద్యం జరగదు గదా. దానిని కర్మాగారంలో తయారుచేసే మార్గాన్ని సుబ్బారావుగారి బృందం 1945 నాటికి సాధించింది. వెంటనే క్యూబా, ప్యూర్టోరికో దీవులలోని స్ప్రూ రోగులకు వైద్యులు దానిని ఇచ్చి చూశారు. మంచాన పడినవారు లేచి తిండి తినసాగారు.

రెండోది ఆరియోమైసిన్. ఈ కథ మన సంఘం సభ్యులకు మరీ నచ్చుతుంది. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యులు వయసు మీరి విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యారు. డెబ్బై దాటిన ఆ పెద్దాయనకు లెడర్లీలో పని ఇచ్చారు. ఊరూరి మట్టి తెప్పించి, అందులోని బూజులను పరీక్షించడం ఆయన పని. 1945లో మిస్సోరి రాష్ట్రపు పొలం మట్టిలో బంగారు రంగు బూజు ఒకటి ఆయనకు దొరికింది. దాని నుంచి వచ్చిన మందే ఆరియోమైసిన్. 1948లో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. రిటైరైన వారికిక పనేమున్నదని ఎవరైనా అంటే డగ్గర్‌గారి పేరు చెప్పవచ్చు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ట్రాపికల్ స్ప్రూకు నేటికీ వైద్యులు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, దానితోపాటు నెలల తరబడి టెట్రాసైక్లిన్. ఆ జబ్బుకు కావలసిన రెండు మందులకూ ఆ జబ్బుతోనే సోదరులను పోగొట్టుకొన్న మనిషి ప్రయోగశాలలోనే దారి దొరికింది. ఆ ఇంటికి మాత్రం అవి దాదాపు ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చాయి.

మూడోది హెట్రజాన్, అంటే డి.ఇ.సి. బిళ్ల. 1947లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా అంటుకోవడంతో ఈ వెతుకులాట ఊపందుకొన్నది. బోదకాలు అంటే ఏమిటో మన కోస్తా జిల్లాలవారికి చెప్పాలా? నా చిన్నతనంలో మా వీధిలో నలుగురైదుగురు ఆ కాలు ఈడ్చుకొంటూ నడిచేవారు. 2004 నుంచి మన దేశంలో ఆ జబ్బున్న జిల్లాలలో సామూహికంగా డి.ఇ.సి. బిళ్లలు మింగించే కార్యక్రమం నడిపారు. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి ఇచ్చిన బిళ్లను కిటికీలోంచి విసిరేసినవారూ ఉన్నారు. అది భీమవరం బిడ్డ పంపిన మందని తెలిస్తే విసిరేవారు కారేమో.

నాలుగోది, మా ఇంటికి చేరిన మందు. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు క్యాన్సరు పిల్లలను చూస్తుండేవారు. ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇస్తే వారి జబ్బు తగ్గకపోగా ముదురుతున్నట్లు ఆయనకు తోచింది. అయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకొనే పదార్థం కావాలి. సుబ్బారావుగారి బృందం అటువంటివి తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. అది చూడడానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉంటుంది. అసలు ఉద్యోగి కుర్చీలో అదే పోలికగల మనిషి వచ్చి కూర్చుని ఒక్క ఫైలూ కదలనివ్వకపోతే ఆఫీసు ఎలా ఆగిపోతుందో, కణం పెరుగుదల అలా ఆగిపోతుంది. 1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలు ప్రచురించారు. పదహారుమంది పిల్లలలో పదిమందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే. కాని అంతకుముందు ఆ జబ్బుకు ఏ మందూ అంతమాత్రం కూడా పనిచేసి ఎరుగదు. క్యాన్సరుకు మందులతో వైద్యం చేయవచ్చునన్న ఆశకు అది పునాది. అమినోప్టెరిన్‌కు తోబుట్టువుగా అదే సంస్థలో తయారైనది మెథోట్రెక్సేట్.

ఆ తరువాత రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు న్యూయార్కులో గుండె ఆగి కన్నుమూశారు. వయసు యాభై మూడేళ్లు. మనం రిటైరైన వయసుకు ఆయన చేరనే లేదు. పావు శతాబ్దం ఆ దేశంలో ఉన్నా అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. తన పేరు కోసం ప్రాకులాడలేదు. సహచరుల పేర్లు ముందుంచి తాను వెనుక నిలిచేవారని ఆయనతో పనిచేసినవారు చెప్పుకొన్నారు. ఒక బూజు జాతికి ఆయన పేరు కలిసివచ్చేలా సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. మన తపాలా శాఖ ఆయన శతజయంతి సందర్భంగా 1995లో స్టాంపు విడుదల చేసింది.

కీళ్లవాతానికి ఆ బిళ్ల ఎలా వచ్చింది?

కీళ్లవాతానికి ఈ తరహా మందు పనికివస్తుందని 1951లోనే అమెరికాలో కొందరు వైద్యులు గమనించారు. కాని అప్పుడు అందరి కళ్లూ కొత్తగా వచ్చిన కార్టిజోన్ మీద ఉన్నాయి. దీనిని ఎవరూ పట్టించుకోలేదు. 1980 తరువాత మళ్లీ పరీక్షించి, చిన్న మోతాదులో వారానికొకసారి ఇస్తే బాగా పనిచేస్తుందని తేల్చారు. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి అనుమతి ఇచ్చింది. సుబ్బారావుగారు పోయిన నలభై ఏళ్లకు.

మా ఇంటావిడ సంగతి చెబుతాను. ఉదయం లేచేసరికి వేళ్లు ముడుచుకోవు, జడ వేసుకోలేదు, గ్లాసు పట్టుకోలేదు. మొదటి ఏడాదిన్నర వయసు నొప్పులన్నారు, వాతమన్నారు, కాల్షియం తక్కువన్నారు. ఒకచోట నొప్పి బిళ్లలు, మరొకచోట స్టెరాయిడు, మధ్యలో కషాయాలు. చివరకు కీళ్ల జబ్బుల నిపుణులు రక్తపరీక్షలు చేయించి జబ్బుకు పేరు పెట్టారు. పేరు తెలిసిన రోజున ఆమె ఏడవలేదు. ఇన్నాళ్లకు నా నొప్పిని నమ్మారని ఊరటపడింది. ఈ జబ్బు పోయేది కాదు, అదుపులో ఉంచుకోవలసినది అని డాక్టరుగారు విడమరచి చెప్పారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆమె మళ్లీ తన జడ తాను వేసుకొన్నది.

ఆమెకు మంగళవారం మెథోట్రెక్సేట్, శుక్రవారం ఫోలిక్ యాసిడ్. మా ఇంట్లో ఆ బిళ్లను మంగళవారం బిళ్ల అనే అంటాం. 2014లో ఒక మందుల దుకాణం కుర్రవాడు కవరు మీద రోజూ ఉదయం ఒకటి అని వ్రాసి ఇచ్చాడు. ఇది మంగళవారం బిళ్ల, రోజూ ఏమిటని ఆమే పట్టుకొన్నది. అందరికీ అంత అదృష్టం ఉండదు. నా సహోద్యోగి ఒకరు పట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రి చీటీ మీది పొడి అక్షరాలు దుకాణంలో మరోలా చదవడం వల్ల, వారానికి వేసుకోవలసినది తొమ్మిది రోజులు వరుసగా వేసుకొన్నారు. నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి, ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నారు. విరుగుడుగా ఇచ్చినది ఫోలిక్ యాసిడ్ జాతిదే, ఫోలినిక్ యాసిడ్ ఇంజక్షను. దేవుడి దయవల్ల బతికి బయటపడ్డారు.

సుబ్బారావుగారి ఇంట్లో మందు లేక మనుషులు పోయారు. నేడు మందు ఉన్నది. మెథోట్రెక్సేట్ ఖరీదైన మందు కూడా కాదు. అది చేతిలో ఉండి, దాని లెక్క తప్పి మనిషి పోతే అంతకంటె అన్యాయం లేదు. ఆయన జీవితమంతా కొలత మీద నడిచింది. వారానికి ఒకనాడు అమృతమైనది రోజూ వేసుకొంటే విషమవుతుంది. కావున మా ఇంట్లో పాటించే పద్ధతి నలుగురికీ ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను.

ఒకటి. మెథోట్రెక్సేట్ వేసుకొనేవారు ఏ వారమో డాక్టరు చేత చీటీ మీద తెలుగులో పూర్తిగా వ్రాయించుకోవాలి. గోడ క్యాలెండరు మీద వేసుకొన్న రోజున టిక్కు పెట్టాలి. ఆ రోజు మరచిపోతే ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోవాలి. రెండు వారాల మోతాదు కలిపి వేసుకోరాదు.

రెండు. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు డాక్టరు చెప్పిన గడువులో చేయించాలి. బాగానే ఉన్నాం గదా అని మానరాదు. నోటిపూత, జ్వరం, ఎండు దగ్గు, ఆయాసం వస్తే ఆ వారం బిళ్ల వేసుకోకముందే డాక్టరుకు చూపాలి.

మూడు. పంటికో, మూత్రంలో మంటకో మరొక డాక్టరు దగ్గరకు వెళ్లినా ఈ మందు పేరు ముందే చెప్పాలి. సెప్ట్రాన్ వంటి కొన్ని మందులు దీనితో కలిస్తే ప్రమాదం. నొప్పి బిళ్లలు, కషాయాలు, చూర్ణాలు వాడినా దాచరాదు. సుబ్బారావుగారు ఆయుర్వేదంతో బాగుపడ్డారు, నిజమే. కాని ఆయనకు ఆ చికిత్స చేసినవారు రెండు వైద్యాలూ చదివిన పండితులు.

నాలుగు. రక్తం తక్కువని ఎవరికి వారు ఫోలిక్ యాసిడ్ కొని వేసుకోరాదు. బి-12 లోపం ఉన్నవారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనిపించి లోపల నరాలు దెబ్బతింటాయి. సుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు బి-12 పరీక్ష సంగతి తమ డాక్టరును అడగడం మంచిది.

ఐదు. ఫైలు పెట్టండి. గుమాస్తాగా నేను నేర్చిన విద్య ఇదొక్కటే. చీటీలు, పరీక్షల కాగితాలు తేదీల వరుసలో కుట్టి, పైన ఒక పేజీలో జబ్బు పేరు, మందులు, మోతాదులు, పడని మందులు వ్రాసి ఉంచాను. ఆసుపత్రి మారినప్పుడల్లా కథ మొదటి నుంచి చెప్పనక్కరలేదు. ఒకచోట మా హెల్త్ కార్డు చెల్లదన్నారు. మరుసటి వారం అదే కౌంటరులో చెల్లుతుందన్నారు. రీయింబర్స్‌మెంటు బిల్లు ఒకటి సర్టిఫికెట్ మీద తేదీ లేదని రెండుసార్లు తిరిగివచ్చింది. కాగితాలు వరుసలో ఉన్నవాడు కోపం తెచ్చుకోకుండా మాట్లాడగలడు. చేయి పనిచేయని పెన్షనరు ఇంటికి వెళ్లి ఆ ఫైలు కుట్టిపెట్టే పని మన సంఘం సభ్యులం వంతులవారీగా చేయలేమా అని కార్యవర్గానికి నా మనవి.

ఏటా జనవరి 12న సుబ్బారావుగారి జయంతి.  వచ్చే జయంతినాడు మన కార్యాలయంలో ఆయన పటం పెట్టి, సభ్యులందరూ తమ మందుల చీటీలు తెచ్చి, తెలిసిన డాక్టరుగారి చేత ఒకసారి సరిచూపించుకొంటే, పూలదండకంటె అదే ఆయనకు తగిన నివాళి అవుతుంది. డాక్టరుగారిని ఒప్పించి తీసుకువచ్చే బాధ్యత నేను తీసుకొంటాను.